షార్ట్ సర్క్యూట్ అంటే సరిపోతుందా?

లాలాపేట్: ఎక్కడ ఇల్లు తగలబడినా మరునాడు పత్రికలో వచ్చే మాట ఒకటే. "షార్ట్ సర్క్యూట్ కారణమని భావిస్తున్నారు." ఆ మాట చదివి జనం ఒక నిట్టూర్పు విడిచి పేజీ తిప్పేస్తున్నారు. పిడుగు పడినట్లు, వరద వచ్చినట్లు, ఇది కూడా ఎవరి చేతుల్లోనూ లేని ఆపద అనుకుంటున్నారు. నిజానికి షార్ట్ సర్క్యూట్ అనేది చిట్టచివర జరిగేది మాత్రమే. దానికి ముందు నెలల తరబడి, ఒక్కొక్కచోట ఏళ్ళ తరబడి, మనుషులు చేసినవీ చేయక వదిలేసినవీ చాలా వుంటాయి. వదులైన స్క్రూ బిగించకపోవడం, ఫ్యూజు పోయిన చోట రాగి పోగు చుట్టడం, బల్బుకు వేసిన వైరు మీద గీజరు నడపడం, ఉన్న ఒక్క మెట్లదారిలో సామాను పేర్చడం. వీటిని వదిలేసి "షార్ట్ సర్క్యూట్" అని ఒక్క మాట రాసుకుని ఫైలు మూసేస్తే, రేపు ఇంకో ఇల్లు కాలక తప్పదు.

ఈ విషయం పట్నంవారిది, మనకెందుకు అని పల్లెల్లో వున్నవారు అనుకోరాదు. పల్లెల పిల్లలే నేడు పట్నంలో ఆ గదుల్లో వుంటున్నారు.

గదులు పెరిగాయి, వైర్లు పెరగలేదు

లాలాపేట్‌కు ఒకవైపు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, మరొకవైపు తార్నాక, దానిని ఆనుకుని 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వున్నాయి. విజయ డెయిరీ వున్నదీ ఇక్కడే. రైల్వే కార్మికులు, చిన్న ఉద్యోగులు, రోజుకూలీలు కట్టుకున్న ఇళ్ళు ఈ ప్రాంతంలో చాలా వున్నాయి. హాస్టలులో చోటు దొరకని విద్యార్థులు, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువకులు, ఇతర జిల్లాల నుంచి పనికోసం వచ్చినవారు లాలాపేట్, తార్నాక, మాణికేశ్వర్ నగర్‌లలో అద్దె గదులు తీసుకుని వుంటారు. ఒక్కొక్క గదిలో ఇద్దరు ముగ్గురు సర్దుకోవడం మామూలు.

ఇటువంటి ఇళ్ళు ఎలా పెరిగాయో అందరికీ తెలిసిన సంగతే. మొదట రెండు గదుల ఇల్లు. గదికొక బల్బు, ఒక ఫ్యాను, ఇంటికంతా ఒక ప్లగ్గు. ఆ అవసరానికి సరిపడా వైరు వేశారు. తరువాత పైన ఒక అంతస్తు లేచింది. దానిపైన రేకుల గది లేచింది. ప్రతిసారీ కింద వున్న బోర్డు నుంచే ఇంకొక వైరు లాగి పైకి ఇచ్చారు. మీటరు పక్కన సబ్ మీటర్లు వరుసగా వెలిశాయి. ఇంటి యజమాని నెల నెలా సబ్ మీటరులో రీడింగు రాసుకుంటాడు, యూనిట్లు లెక్కగట్టి డబ్బు తీసుకుంటాడు. ఆ మీటరు కింద నల్లబడిన బోర్డును మాత్రం చూడడు. అద్దెకుండే వారు కూడా అద్దె ఎంత, నీళ్ళు ఎప్పుడు వస్తాయి అని అడుగుతున్నారు గాని మెయిన్ స్విచ్చి ఎక్కడ వుందని అడిగేవారు అరుదు.

ఊరినుంచి తండ్రి కొడుకును గదిలో దింపి పోయేటప్పుడు బియ్యం మూట, పచ్చడి జాడీ, పరుపుచుట్టతో పాటు వేడినీళ్ళ రాడ్డు కూడా కొనిపెట్టి పోతాడు. ఆ రాడ్డు గుచ్చే ప్లగ్గు దేనికి తగినదో చూడాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అసలు చిక్కు ఇక్కడే వుంది.

కళ్ళముందు జరిగినవి

ఈ నగరంలో గడచిన కొన్నేళ్ళలో జరిగిన ప్రమాదాలు గుర్తుచేసుకోవాలి. భయపెట్టడానికి కాదు, నేర్చుకోవడానికి.

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ దగ్గర బోయిగూడలో ఒక తుక్కు గోదాములో నిప్పంటుకుంది. కింద తుక్కు సామాను, పైన గదిలో బీహార్ నుంచి వచ్చిన కార్మికులు నిద్రపోతున్నారు. పదకొండు మంది చనిపోయారు. ఒక్కడు మాత్రం కిటికీ నుంచి దూకి బతికాడు. కారణం షార్ట్ సర్క్యూట్ అయివుండవచ్చునని అప్పుడు అధికారులు అన్నారు. బోయిగూడ లాలాపేట్‌కు ఎంతో దూరం కాదు.

2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచాయి. ఆరుగురు యువతీ యువకులు పొగలో ఊపిరాడక చనిపోయారు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల నుంచి ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలు వారు. అక్కడా షార్ట్ సర్క్యూట్ అనే అనుమానమే వచ్చింది.

2025 మే 18 ఆదివారం ఉదయం ఆరుగంటల ప్రాంతంలో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత ఇంటిలో మంటలు లేచాయి. కింద దుకాణాలు, పైన కాపురం. పదిహేడు మంది పోయారు. వారిలో ఎనిమిది మంది చిన్నపిల్లలు. షార్ట్ సర్క్యూట్ వల్లనే మొదలయివుండవచ్చునని అగ్నిమాపక అధికారులు చెప్పారు. లోపలికి పోవడానికి సొరంగం వంటి ఒక్క దారి, పైకి పోవడానికి మీటరు వెడల్పు గల ఒక్క మెట్లవరుస వున్నాయని కూడా వారే చెప్పారు. ఫైర్ ఇంజన్లు త్వరగానే వచ్చాయి. అయినా లోపలివారిని బయటకు తీసే దారి లేదు.

మూడు చోట్లా మంట పుట్టిన తీరు వేరు కావచ్చు. మనుషులు చనిపోయిన తీరు మాత్రం ఒకటే. మంట కింద, మనుషులు పైన, మధ్యలో ఒకటే దారి. ఆ దారి నిండా పొగ. కనుక ప్రతి ఇంటివారూ రెండు ప్రశ్నలు వేసుకోవలసి వుంది. నిప్పు పుట్టకుండా ఏమి చేశాము? పుడితే బయటపడే దారి ఏది?

పిల్లకాలువలో పెద్దకాలువ నీళ్ళు

వైరు ఎందుకు కాలుతుందో రైతుకు చెప్పడం కష్టం కాదు. పిల్లకాలువకు పెద్దకాలువ నీళ్ళు వదిలితే ఏమవుతుంది? గట్టు తెగుతుంది. సన్నని వైరులో ఎక్కువ కరెంటు పారితే అది వేడెక్కుతుంది. కాకపోతే ఒక తేడా వుంది. వైరులో పారే కరెంటు రెట్టింపయితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మూడింతలయితే తొమ్మిది రెట్లు. అందుకే నిన్నటిదాకా బాగానే వున్న వైరు ఇవాళ ఒక్కసారిగా కమురు వాసన కొడుతుంది.

లెక్క చూడండి. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. మామూలు చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. అంటే అది మోయగలిగింది సుమారు 1,380 వాట్లు. వేడినీళ్ళ రాడ్డు ఒక్కటే 1,500 వాట్లుంటుంది. ఇస్త్రీ పెట్టె 1,000 వాట్లు. ఈ రెండింటినీ ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే సుమారు 11 ఆంపియర్లు పారుతుంది. దాదాపు రెండింతల బరువన్నమాట. ఆ బోర్డు మంచం కింద వుండి, దానిపై దుప్పటి వేలాడుతుంటే ఇక చెప్పవలసిందేముంది?

సాధారణంగా దీపాలకు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పెద్ద ప్లగ్గులకు 2.5, గీజరుకు, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తారు. గీజరుకు, ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను వుండాలి. పక్కగది ప్లగ్గు నుంచి లాగిన వైరు మీద వాటిని నడపరాదు. వేసవిలో అద్దెకు ఏసీ తెచ్చి, వున్న ప్లగ్గులో గుచ్చి, "బాగానే నడుస్తోంది కదా" అనుకోవడం పొరపాటు. నడవడం వేరు, భరించడం వేరు.

ఇక రెండవది వదులు జాయింటు. అన్నింటికంటే మోసకారి ఇదే. వైర్లను చేత్తో మెలిపెట్టి పైన టేపు చుట్టి వదిలేస్తారు. కొన్నాళ్ళకు టేపు ఎండిపోతుంది, మెలిక వదులవుతుంది, ఆ సందులో నిప్పురవ్వలు లేస్తాయి. 1970, 80లలో కట్టిన ఇళ్ళలో చాలాచోట్ల అల్యూమినియం వైరు వాడారు. అల్యూమినియం స్క్రూ కింద నలిగి వదులవుతుంది, దానిపై చిలుము పొర పడుతుంది. అటువంటి చోట వేడి పుడుతూనే వుంటుంది గాని ఫ్యూజు పోదు. ఎందుకంటే పారే కరెంటు ఎక్కువేమీ కాదు. ఫ్యూజు వుంది కదా, ఎంసీబీ వుంది కదా అని ధైర్యంగా వుండేవారు ఈ సంగతి గమనించాలి.

వదులు జాయింటు ముందుగానే చెబుతుంది, వినేవారుంటే. స్విచ్చి వేయగానే చిటపటమంటుంది. బల్బు మినుకు మినుకుమంటుంది. ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా వుంటుంది. బోర్డు పసుపు పచ్చగా మారి తరువాత నల్లబడుతుంది. కుళ్ళిన చేపలాంటి వాసనో, ప్లాస్టిక్ కమురు వాసనో వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. పండుగ అయ్యాక చూద్దాం, జీతం వచ్చాక చూద్దాం అనరాదు.

కాపలాదారును కట్టేసినట్లు

పింగాణీ కట్‌అవుట్‌లో సన్నని ఫ్యూజు తీగ ఎందుకు వుంటుంది? లైనులో కరెంటు హద్దు దాటితే తాను తెగిపోయి ఇంటిని కాపాడటానికి. అది మాటిమాటికి పోతోందంటే ఇంటిలో ఎక్కడో తప్పు వుందని అర్థం. మనవారు ఏమి చేస్తున్నారు? పాత వైరులోంచి రాగి పోగులు నాలుగు లాగి చుట్టేస్తున్నారు. "ఇక పోదు" అని సంతోషిస్తున్నారు. నిజమే, ఇక అది పోదు. ఇల్లే పోతుంది. దొంగ వచ్చినప్పుడల్లా మొరుగుతోందని కుక్కను కట్టేసినట్లుంది ఈ పని.

ఎంసీబీ పెట్టుకున్నవారు కూడా ఇదే తప్పు వేరే విధంగా చేస్తున్నారు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతోందని 32 ఆంపియర్లది తెచ్చి పెడుతున్నారు. వైరు మాత్రం పాతదే. ఎంసీబీ వైరుకు తగినది వుండాలి. వస్తువులు నడవడం లేదని ఎంసీబీ పెంచరాదు. పెంచదలిస్తే ముందు వైరు మార్చాలి.

ఎంసీబీ ఒక్కటీ చాలదు. కరెంటు ఎర్త్‌లోకి కారిపోతుంటే, అంటే లీకేజి అవుతుంటే, దానిని పట్టేది ఆర్‌సీసీబీ. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లది వాడతారు. మనిషికి షాకు తగిలిన క్షణంలో సరఫరా తెంచేది అదే. చిన్న సర్వీసులు మినహా మిగతా వాటికి ఇటువంటి లీకేజి రక్షణ వుండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. దానిమీద "టెస్ట్" అని చిన్న మీట వుంటుంది. నెలకొకసారి నొక్కితే అది పడిపోవాలి. పడకపోతే అది పనిచేయడం లేదని అర్థం. పెట్టించుకున్నవారిలో కూడా ఆ మీట ఎన్నడూ నొక్కనివారు చాలామంది వుంటారు.

ఎర్తింగు సంగతి మరీ అన్యాయం. గోతిలో బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఎర్త్ వేసవిలో ఎండిపోతే పనిచేయదు. అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి. పై అంతస్తు గదుల్లో మూడు రంధ్రాల ప్లగ్గు వుంటుంది గాని మూడవ రంధ్రం వెనుక వైరే వుండదు. చూడటానికి మాత్రం ఎర్త్ వున్నట్లే కనిపిస్తుంది.

పల్లెల్లో మరో తంటా వుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గాని, స్తంభం మీద గాని న్యూట్రల్ వైరు తెగితే కొన్ని ఇళ్ళకు 230 వోల్టులు రావలసిన చోట 300 దాటి, ఒక్కొక్కప్పుడు 400 దాకా వస్తుంది. బల్బులు ఒక్కసారిగా ధగధగ వెలిగి పేలిపోతాయి, టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. కొన్ని ఇళ్ళలో దీపాలు మరీ మందంగా, కొన్నింటిలో మరీ ప్రకాశంగా వెలుగుతుంటే వెంటనే మెయిన్ ఆపి లైన్‌మన్‌కు చెప్పాలి. 1912 నంబరుకు ఫోను చేయాలి. స్తంభం ఎక్కి మనమే సరిచేద్దామనుకోవడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. సర్వీసు వైరు కింద గడ్డివాము వేయడం, గుడిసె కప్పుకు వైరు ఆనించి లాగడం, లైనుకు కొక్కేలు తగిలించడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

కొత్తగా వచ్చిన ప్రమాదం బ్యాటరీ బండ్లది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంటిలో చార్జింగుకు పెట్టిన బండి బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో చార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ బండ్ల షోరూము, పైన లాడ్జి వున్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. కనుక బ్యాటరీని పడకగదిలో గాని, మెట్ల కింద గాని, బయటకు పోయే దారిలో గాని చార్జింగుకు పెట్టరాదు. రాత్రి అందరూ పడుకున్న తరువాత అసలే పెట్టరాదు. కంపెనీ ఇచ్చిన చార్జరు తప్ప వేరేది వాడరాదు.

చూసేవారెవరు?

"ప్రభుత్వం చూసుకోవాలి" అనడం సులువు. కాని ఇప్పుడున్న ఏర్పాటు ఎలా వుందో తెలుసుకోవాలి. విద్యుత్ సంస్థ బాధ్యత ఇంటికి సరఫరా అందించే చోటు దాకానే. మీటరు దాటిన తరువాత లోపలి వైరింగు బాధ్యత ఇంటివారిది. వైరింగు పని లైసెన్సు గల కాంట్రాక్టరుతోనే చేయించాలని 1956 నాటి విద్యుత్ నియమాల నుంచీ వుంది. కొత్త ఇంటికి ఒకసారి కాగితం చూపిస్తారు. తరువాత పైన రెండు అంతస్తులు లేచినా, పదిగదులు పెరిగినా మళ్ళీ వచ్చి చూసేవారు లేరు.

అగ్నిమాపక శాఖ అనుమతి సంగతి కూడా అంతే. నివాస భవనం 18 మీటర్లు, దుకాణాల వంటివి 15 మీటర్లు ఎత్తుంటేనే ఆ శాఖ నిరభ్రంతర పత్రం కావాలి. లాలాపేట్ గల్లీల్లోని రెండు మూడు అంతస్తుల ఇళ్ళు ఆ లెక్కలోకి రావు. ఎత్తయిన భవనాలకు చట్టం వుంది, ఎక్కువమంది వుండే చిన్న ఇళ్ళకు లేదు. కింద దుకాణమో, గోదామో పెట్టి పైన కాపురముండే ఇళ్ళకు, మూడు గదుల్లో పదిమందిని పెట్టే ఇళ్ళకు ఎత్తుతో నిమిత్తం లేకుండా తనిఖీ వుండాలి. బోయిగూడ, గుల్జార్ హౌజ్ చెబుతున్నది ఇదే.

ఇక యజమానులు, అద్దెవారు ఒకరినొకరు తప్పుపట్టడం మామూలయింది. "వాళ్ళు రాడ్లు, కాయిల్ పొయ్యిలు పెడుతున్నారు, మేమేం చేస్తాం?" అని యజమానులు. "వైరింగు బాగుచేయమంటే ఖాళీ చేయమంటారు" అని అద్దెవారు. రెండు మాటల్లోనూ నిజం వుంది. అయితే గోడలోని వైరు, బోర్డు, ఎర్తు, మెట్లదారి యజమాని ఆస్తి. వాటి బాధ్యత ఆయనదే. ప్లగ్గులో ఏమి గుచ్చాలన్నది అద్దెవాని చేతిలో వుంది. దాని బాధ్యత అతనిది. ఈ హద్దు అద్దె కాగితంలోనే రాసుకుంటే తగవుండదు. ఈ ప్లగ్గు మీద ఇన్ని వాట్లకు మించి వాడరాదని గోడమీద ఒక చీటీ అంటించడానికి యజమానికి ఖర్చేముంది?

ఖర్చు గురించి భయపడేవారున్నారు. ఇల్లంతా వైరింగు మార్చాలంటే ఖర్చవుతుంది, నిజమే. కాని ముందు చేయవలసిన పనులకు అంత ఖర్చులేదు. జాయింట్లు విప్పి సరిగా బిగించడం, మాడిన బోర్డులు మార్చడం, రాగి పోగులు తీసి తగిన ఎంసీబీలు పెట్టడం, ఒక ఆర్‌సీసీబీ పెట్టడం, మెగ్గర్‌తో వైరు పరీక్ష చేయించడం. ఇవి ఒకరోజు పని. పాత ఇళ్ళకు అయిదేళ్ళకొకసారైనా ఈ పరీక్ష చేయించాలి. లోడు పెరిగితే విద్యుత్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి అదనపు లోడు రాయించుకోవాలి. దొంగచాటుగా వాడితే ఇంటి వైరుకే కాదు, వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు కూడా ముప్పే.

నిప్పంటుకుంటే

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ప్రమాదం రావచ్చు. అప్పుడు ఏమి చేయాలో ఇంటిలో చిన్నపిల్లలకు కూడా తెలిసివుండాలి.

బోర్డులో గాని, వస్తువులో గాని మంట కనిపిస్తే మొదట మెయిన్ ఆపాలి. ఇన్వర్టరు వుంటే దానిని కూడా ఆపాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టరు నుంచి కొన్ని లైన్లలో కరెంటు వస్తూనే వుంటుందని చాలామంది మరచిపోతున్నారు. మెయిన్ దగ్గరే మంట వుంటే అక్కడికి పోరాదు.

కరెంటు మంట మీద నీళ్ళు పోయరాదు. నీళ్ళ ద్వారా కరెంటు పోసినవానికే తగులుతుంది. పొడి ఇసుక, పొడి మట్టి చల్లవచ్చు. పొడి రకం లేక కార్బన్ డయాక్సైడ్ రకం ఆర్పే సిలిండరు వుంటే వాడవచ్చు. చిన్నమంటకే ఈ ప్రయత్నం. మంట మనిషి నడుము ఎత్తు దాటినా, గది పొగతో నిండుతున్నా ప్రయత్నం మాని బయటకు రావాలి.

బయటకు వచ్చేటప్పుడు మంట వున్న గది తలుపు మూసిరావాలి. తలుపు మూస్తే గాలి తగ్గి మంట నెమ్మదిస్తుంది, పొగ మెట్లమీదకు రావడం ఆలస్యమవుతుంది. ఆ కొద్ది నిమిషాలే పైవారి ప్రాణాలు. పొగ పైకి పోతుంది కనుక నేలకు ఆనుకుని పాకుతూ రావాలి. ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుంటే మసి కొంత ఆగుతుంది గాని విషవాయువు ఆగదు. కనుక గుడ్డ వుంది కదా అని లోపలే ఆలస్యం చేయరాదు. సెల్‌ఫోను, సర్టిఫికెట్లు, నగలు అంటూ మళ్ళీ లోపలికి పోరాదు. లిఫ్టు ఎక్కరాదు.

మెట్లదారి పొగతో నిండి దిగే వీలు లేకపోతే గదిలోనే వుండి తలుపు మూసి, తలుపు కింది సందును తడిబట్టతో మూసి, కిటికీ దగ్గర నిలబడి కేకలు వేయాలి. కిటికీలన్నింటికీ కదలని ఇనుప గ్రిల్లు బిగించడం దొంగలకు మంచి అడ్డే గాని, ఇటువంటి సమయంలో అది జైలు. ప్రతి అంతస్తులో ఒక గ్రిల్లయినా లోపలి నుంచి తెరిచేదిగా వుండాలి. రాత్రి కింద గేటుకు తాళం వేస్తే తాళంచెవి అందరికీ తెలిసిన చోట వుండాలి.

వెంటనే 101కి గాని 112కు గాని ఫోను చేయాలి. ఇంటి నంబరు ఒక్కటే చెబితే చాలదు. గల్లీల్లో గుర్తు చెప్పాలి. ఒకరు వీధి చివరకు పోయి ఇంజన్ కోసం నిలబడాలి. దారికి అడ్డంగా నిలిపిన బండ్లను పక్కకు తీయించాలి. ఇంజన్ పట్టని గల్లీలో ఒక్క ఆటో అడ్డముంటే పది నిమిషాలు పోతాయి.

ఎవరికైనా షాకు కొట్టి వైరును పట్టుకుని వుంటే చేత్తో లాగరాదు. మెయిన్ ఆపాలి. ఆపలేకపోతే పొడి కర్రతో వైరును విడిపించాలి. ఒంటిమీద బట్టలు అంటుకుంటే పరుగెత్తరాదు. నేలమీద పడి దొర్లాలి, లేక మందపాటి నూలు దుప్పటి కప్పాలి. కాలినచోట చల్లని కుళాయి నీళ్ళు ఇరవై నిమిషాలు పోయాలి. సిరా, పేస్టు, పసుపు, మజ్జిగ పూయరాదు. బొబ్బలు చిదపరాదు. 108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసుకుపోవాలి. షాకు తగిలినవాడు పైకి బాగానే కనిపించినా డాక్టరుకు చూపించాలి. లోపల గుండెకు దెబ్బ తగిలివుండవచ్చు.

చేయవలసింది ఏమిటి

ఈ విషయంలో ఎవరి పని వారికి వుంది. విద్యుత్ సంస్థ నెలనెలా రీడింగుకు మనిషిని పంపుతూనే వుంది. మీటరు చుట్టూ మాడిన గుర్తులు, వేలాడే వైర్లు కనిపిస్తే ఒక చీటీ రాసి యజమాని చేతిలో పెట్టే పని అతనికి అప్పగించవచ్చు. దీనికి కొత్త శాఖ అక్కరలేదు. అగ్నిమాపక శాఖ వారు ఏటా ఏప్రిల్‌లో వారోత్సవాలు జరుపుతారు. ఆ ప్రదర్శనలు పెద్ద కూడళ్ళలోనే కాక గల్లీల్లో, విద్యార్థులుండే ఇళ్ళ మధ్య జరపాలి. విశ్వవిద్యాలయం చెంతనే వుంది. ఇంజనీరింగు చదివే విద్యార్థులు సెలవురోజుల్లో చుట్టుపక్కల బస్తీల్లో బోర్డులు చూసి సలహా చెబితే అంతకంటె సార్థకమైన సేవ వుండబోదు. బస్తీ సంఘాలు వీధికొక ఆర్పే సిలిండరు కొని అందరికీ తెలిసిన దుకాణంలో పెట్టించవచ్చు.

పల్లెల్లోని తల్లిదండ్రులు చేయగలిగింది ఇంకా సులువు. పిల్లవాని గది చూడటానికి వచ్చినప్పుడు అద్దె బేరమాడే ముందు మెయిన్ ఎక్కడ వుందో చూడాలి. ఫ్యూజులో రాగి పోగు వుందేమో అడగాలి. ప్లగ్గు నల్లబడి వుందేమో చూడాలి. మెట్లు దిగుతూ, ఇక్కడ పొగ వస్తే వీడు ఎటు పోతాడని తమను తామే ప్రశ్నించుకోవాలి. జవాబు దొరకకపోతే ఆ గది ఎంత చవకయినా వదులుకోవాలి. ఇక తమ ఇంటికి తిరిగివచ్చాక అక్కడి బోర్డును కూడా ఒకసారి విప్పించి చూడాలి.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మన పెద్దలు ఎగతాళి చేసిన పని. ఇకనైనా ఒక ఇల్లు కాలినప్పుడు "షార్ట్ సర్క్యూట్" అని చెప్పినవారిని, తరువాతి ప్రశ్న అడగడం అందరూ అలవాటు చేసుకోవాలి. ఏ జాయింటు? ఎవరు వేశారు? ఎవరు చూడలేదు? బయటకు పోయే దారి ఎందుకు లేదు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసివస్తుందని తెలిసిననాడు యజమాని బోర్డు విప్పుతాడు, ఎలక్ట్రీషియన్ స్క్రూ బిగిస్తాడు, అధికారి మెట్లు ఎక్కి చూస్తాడు.